ఆరు తీగలకు ఆరు వంతలు

"అన్నా, అండ్ల వీణ ఉన్నదా?"

సికింద్రాబాద్ నుంచి సిద్దిపేట వెళ్లే డెమూ రైల్లో ఎదురు సీటు పిల్లోడు అడిగాడు. నా కాళ్ల మధ్య నిలబెట్టుకున్న నల్ల సంచి వాడంత ఎత్తుంది. గిటార్ అని చెప్పాను. నమ్మలేదు. జిప్ కొంచెం తీసి పైభాగం చూపించాను. వేలు పెట్టి ట్యూనింగ్ కీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆరు దాటాక ఆగి, నా మొహం చూసి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"పన్నెండు! అన్నా, నీకు డబుల్ ఇచ్చిండ్రు."

వాళ్లమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. పన్నెండు తీగల గిటార్ గురించి యూట్యూబ్‌లో గంటలు గంటలు చూశాను కానీ, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. నిజంగానే డబుల్ ఇచ్చారు. తీగలు డబుల్, ఖర్చు డబుల్, తిప్పలు డబుల్. అయినా ఎందుకు కొన్నానో చెప్పాలంటే మీరు నాతోపాటు సిద్దిపేట దాకా రావాలి.

కొత్త రైలు, పాత ఊరు

మా ఊరికి రైలు రావడమే ఒక కథ. చిన్నప్పుడు రైలెక్కాలంటే ముందు బస్సెక్కి సికింద్రాబాద్ పోవాలి. 2023 అక్టోబర్ 3న సిద్దిపేట నుంచి మొదటి ప్యాసింజర్ రైలు కదిలింది. ఆ రోజు చూడ్డానికి ఊరంతా వెళ్లింది. నేను హైదరాబాద్‌లో ఆఫీసులో కూర్చుని స్టేటస్‌ల్లో చూశాను. జేబీఎస్ నుంచి బస్సైతే రాజీవ్ రహదారి మీద వంద కిలోమీటర్లు, రెండున్నర గంటల్లో పడేస్తుంది. రైలు ఇంకాస్త నెమ్మది. కానీ బస్సులో గిటార్ సంచిని ఎక్కడ పెట్టాలో తెలియదు. పైన పట్టదు, డిక్కీలో వేయడానికి మనసొప్పదు. ఒకసారి కండక్టరన్న "దీనికి సగం టికెట్ కొట్టాల్నా?" అని అడిగాడు కూడా.

మనోహరాబాద్ దాటాక కొత్త లైను. పత్తి చేన్లు, మక్క చేన్లు, మధ్యలో బండరాళ్ల గుట్టలు. గజ్వేల్‌లో సగం పెట్టె ఖాళీ అయింది. పిల్లోడు కూడా దిగుతూ "అన్నా, ఒక్కసారి కొట్టు" అన్నాడు. రైలు ఆగింది ఒక్క నిమిషమే. సంచిలోనే చెయ్యి పెట్టి తీగల మీద బొటనవేలు అడ్డంగా లాగాను. వాడు మెట్ల మీదే ఆగిపోయాడు. వాళ్లమ్మ చెయ్యి పట్టి లాగితే గానీ దిగలేదు.

ఆ శబ్దం అలాంటిది.

కోమటిచెరువు కట్ట మీద ఇద్దరం

సిద్దిపేటకు కొత్తగా వచ్చేవాళ్లు మొదట చూసేది కోమటిచెరువు. ఇప్పుడక్కడ వేలాడే వంతెన, బోటింగ్, రాత్రయితే రంగు లైట్లు, సెల్ఫీల కోసం వరసలు. 2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా అయ్యాక ఊరి రూపమే మారింది. మేం ఇంటర్ చదివేటప్పుడు ఇన్ని హంగులు లేవు. సాయంత్రం కట్ట మీద కూర్చోవడానికి ఒక రాయి, మాకు చెరొక ఆరు తీగల గిటార్. నాది బాపు కొనిచ్చింది. మా దోస్తుది వాళ్ల కాలేజీ సీనియర్ దగ్గర తెచ్చి తిరిగి ఇయ్యనిది.

మేమేమీ గొప్పగా వాయించేవాళ్లం కాదు. అందరిలాగే మాకూ తెలిసినవి నాలుగు కార్డులు. కానీ దోస్తు ఒక ఉపాయం కనిపెట్టాడు. నేను మామూలుగా కింది స్థాయిలో కార్డు పట్టుకుంటే, వాడు కాపో బిగించి అదే కార్డును వేరే ఆకారంలో పై స్థాయిలో పట్టేవాడు. ఇద్దరం ఒకేసారి కొడితే చెరువు మీది గాలి కూడా మెరిసినట్టు అనిపించేది. ఎందుకలా అవుతుందో అప్పుడు తెలియదు. ఇద్దరం ఉంటే మంచిగుంటది, అంతే.

నాలుగేళ్ల కింద వాడు దుబాయ్ పోయాడు. మా వైపు చాలా ఇండ్లలో ఎవరో ఒకరు అక్కడుంటారు కాబట్టి ఎవరూ పెద్దగా ఏడవలేదు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో పడ్డాను. రాత్రిళ్లు రూమ్‌లో గిటార్ తీసేవాణ్ని. అవే కార్డులు, అవే పాటలు. ఏదో తక్కువ. కూరలో ఉప్పు మరచిపోయినట్టు కాదు, కంచంలో సగం అన్నమే పెట్టినట్టు. రెండు పాటలకే లోపల పెట్టేసేవాణ్ని.

పోయిన ఏడాది ఒక ఆదివారం ఒకాయన పాత గిటార్లు అమ్ముతున్నాడంటే చూడ్డానికి సికింద్రాబాద్ వెళ్లాను. గోడకు ఒకటి, తల పొడుగ్గా, కీలు ఎక్కువగా ఉన్నది వేలాడుతోంది. ఊరికే తీసి, ఆరేళ్లుగా కొడుతున్న అదే జీ కార్డు కొట్టాను.

దోస్తు పక్కన కూర్చుని కొట్టినట్టే వినిపించింది.

పదహారు వేలు. బేరం కూడా సరిగ్గా ఆడలేదు.

వంత అంటే ఏమిటో మనకు తెలుసు

ఇంటికి తెచ్చిన రోజు బాపు చూసి అడిగిన మొదటి మాట: "ఎందుకురా గిన్ని తీగలు? ఆరిట్ల కాకపాయెనా?"

రెండో మాట: "ఎంతకు కొన్నవ్?"

"ఆరు వేలు బాపు."

మూడో మాట అడగలేదు. నా వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు.

మా బాపుకు కిరాణం దుకాణం ఉంది. శనివారం రాత్రి భజన మండలిలో హార్మోనియం వాయిస్తాడు. చిన్నప్పుడు వాళ్ల ఊర్లో చిరుతల రామాయణానికి కూడా వాయించాడట. ఆయనకు పన్నెండు తీగల సంగతి చెప్పడానికి ఇంగ్లిషు అవసరం పడలేదు.

మామూలు గిటార్‌కు ఆరు తీగలు. దీనికి ఆరు జంటలు. సన్నగా పలికే కింది రెండు జంటల్లో రెండు తీగలూ ఒకే స్వరానికి ఉంటాయి. మిగిలిన నాలుగు జంటల్లో ఒక తీగ మామూలుది, దాని పక్కనే ఇంకో సన్న తీగ. అది కూడా అదే స్వరం, కానీ ఒక స్థాయి పైన. రెండు తీగల్నీ ఒకే వేలితో నొక్కాలి, ఒకే దెబ్బకు కొట్టాలి.

బాపు హార్మోనియం పెట్టె ముందుకు జరుపుకున్నాడు. ఒక స్టాపర్ లాగి 'సా' పట్టాడు. రెండోది కూడా లాగి మళ్లీ అదే మెట్టు పట్టాడు. గొంతు ఒక్కసారి నిండుగా అయింది. మంచి హార్మోనియంలో బాస్, మేల్ అని రెండు వరసల రీడ్లుంటాయి. ఒక మెట్టు నొక్కితే రెండు స్థాయిల్లో అదే స్వరం పలుకుతుంది.

"గిదే కదా నువ్వు చెప్పేది?"

గిదే. అయితే తీగల్లో ఇంకో చిన్న మాయ ఉంది. రెండు తీగల్ని ఎంత జాగ్రత్తగా శృతి చేసినా వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడా వల్ల రెండు శబ్దాలూ కలుస్తూ విడిపోతూ అలలాగా ఊగుతాయి. తంబూరాలో ఒకే స్వరానికి పెట్టిన మధ్య తీగలు రెండు మీటినప్పుడు వచ్చే ఆ నిండుదనం గుర్తు తెచ్చుకోండి. అదే ఇది. మరీ ఖచ్చితంగా కలిసిపోతే మెరుపు పోతుంది. మరీ విడిపోతే అపశృతి. మధ్యలో సన్నటి దారి.

ఇంకా సూటిగా చెప్పాలంటే మన మాట ఒకటుంది: వంత. మా జిల్లాలోనే కొమురవెల్లి మల్లన్న ఉన్నాడు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా జాతర. అక్కడ ఒగ్గుకథ చెప్పేవాళ్లను చూడండి. ప్రధాన కథకుడు ఒక మాట విసురుతాడు, పక్కవాడు దాన్ని అందుకుంటాడు. వంత లేకుండా కథ చెప్పొచ్చు, కానీ వినేవాళ్లకు ఆనదు. ఈ గిటార్‌లో ప్రతి తీగకూ పక్కనే వంత నిలబడి ఉంటుంది.

పన్నెండు అనగానే మీలో చాలామందికి ఇంకొకటి గుర్తొచ్చి ఉంటుంది. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య వాయించే పన్నెండు మెట్ల కిన్నెర. 'భీమ్లా నాయక్' పాటతో రాష్ట్రమంతా విన్నది, 2022లో పద్మశ్రీ అందుకున్నది ఆ కిన్నెరే. అక్కడ పన్నెండు అంటే మెట్లు, తీగలు కాదు. వెదురు, సొరకాయ బుర్రలతో చేసిన వాద్యం అది. దీనికీ దానికీ చుట్టరికం లేదు. అయినా గిటార్ మెడ మీద ఉండే ఫ్రెట్లను నేను అప్పటి నుంచి మెట్లనే అంటున్నాను. మన మాట ఉండగా ఇంకోటి ఎందుకు?

ఒక జైలు పాటగాడి నుంచి హోటల్ కాలిఫోర్నియా దాకా

ఈ గిటార్‌కు లోకంలో పేరు తెచ్చినవాళ్లలో ముందు చెప్పాల్సింది లెడ్ బెల్లీ గురించి. అమెరికాలోని లూసియానాలో పుట్టిన నల్లజాతి పాటగాడు. 1949లో చనిపోయాడు. జైళ్లలో ఏళ్లు గడిపి, పాటతోనే లోకానికి తెలిశాడు. వెనక బ్యాండ్ లేదు. ఒక్కడే నిలబడి పాడాలి, గదంతా నిండాలి. ఆ పనికి పన్నెండు తీగలు సరిపోయాయి. తీగల్ని మామూలు కంటే బాగా కిందికి దించి శృతి చేసుకునేవాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1964లో బీటిల్స్ 'ఎ హార్డ్ డేస్ నైట్' మొదలయ్యే ఆ ఒక్క దెబ్బలో జార్జ్ హారిసన్ పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ ఉంది, అది ఎలక్ట్రిక్. 1975లో పింక్ ఫ్లాయిడ్ 'విష్ యూ వర్ హియర్' మొదట్లో దూరంగా రేడియోలోంచి వచ్చినట్టు వినిపించేది కూడా పన్నెండు తీగలదే. ఇక 'హోటల్ కాలిఫోర్నియా' సంగతి చెప్పనక్కర్లేదు. గిటార్ పట్టిన ప్రతి పిల్లోడూ సిద్దిపేటలో అయినా శాన్ ఫ్రాన్సిస్కోలో అయినా ఆ ముందు భాగం నేర్చుకోవాల్సిందే. ఎంత బాగా కొట్టినా రికార్డులో ఉన్నట్టు రాదేమిటా అని మేమిద్దరం చాలా రోజులు తలలు పట్టుకున్నాం. అక్కడ కొట్టింది పన్నెండు తీగల గిటార్ మీద, ఏడో మెట్టుకు కాపో బిగించి. మా చేతుల్లో తప్పు లేదు, తీగల్లోనే ఆరు తక్కువ.

కష్టాలు కూడా చెప్పాలి. గిటార్ వాళ్ల మధ్య పాత జోకొకటి ఉంది: పన్నెండు తీగలవాడు సగం కాలం శృతి చేస్తుంటాడు, మిగతా సగం అపశృతిలో వాయిస్తుంటాడు. అబద్ధం కాదు. మొదటి నెల నా వేళ్ల చివర్లు కాయలు కాసిన చోటే మళ్లీ కాయలు కాశాయి. తీగను వంచి గమకం పలికించడం చాలా కష్టం, ఎందుకంటే రెండింటినీ సమానంగా వంచాలి. వేగంగా సోలోలు కొడతానంటే ఇది మీ గిటార్ కాదు. పక్కన ఎవరైనా పాడుతుంటే వాళ్ల వెనక నిలబడటానికి మాత్రం దీన్ని మించింది లేదు.

ఇంకో సంగతి, బిగువు. ఆరు తీగల గిటార్ మీద తీగలన్నీ కలిసి లాగే బరువు సుమారు డెబ్బై కేజీలు. దీని మీద నూట పది దాకా ఉంటుంది. అంటే క్వింటాలుకు పైనే. వడ్ల కాంటా దగ్గర నిలబడి ఊహించుకోండి: పల్చటి చెక్క డబ్బా ఒకటి పగలూ రాత్రీ క్వింటాలు బరువును మోస్తూ గోడకు ఆనుకుని ఉంటుంది. మా వైపు మే నెల ఎండల్లో అయితే ఇంకా భయం. ఆ బిగువుకు మెడ వంగుతుంది, బ్రిడ్జి దగ్గర పలక ఉబ్బుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు ఆ ఉబ్బే చూడాలి.

సాయంత్రం ఏడింటికి సంగీత్, మధ్యాహ్నం మూడింటికి టప్

ఈసారి ప్రయాణం పని మీద. దోస్తు వాళ్ల చెల్లె పెండ్లి. వాడికి సెలవు దొరకలేదు. వారం ముందు ఫోన్ చేసి, చాలాసేపు ఏవేవో మాట్లాడి, చివర్లో అన్నాడు: "సంగీత్‌ల మనం కట్ట మీద కొట్టేది కొట్టురా. చెల్లెకు ఇష్టం. నేను ఫోన్‌ల చూస్త."

ఆ మనం అన్న మాటకే కదా ఇంత దూరం మోసుకొచ్చింది. వాడికి పన్నెండు తీగల సంగతి చెప్పలేదు. ఆ రోజే వినిపిద్దామని దాచాను.

ఇంటికొచ్చి, తిని, మంచం మీద కూర్చుని శృతి చేయడం మొదలుపెట్టాను. రైలు వేడికి అన్నీ దిగిపోయాయి. ఒక్కొక్కటి పైకి తెస్తున్నాను. మూడో జంటలో సన్న తీగ దగ్గరికొచ్చేసరికి టప్‌మని తెగి చెంప మీద చురుక్కుమని తగిలింది.

ఆ తీగ గురించి ఒక విచిత్రం చెప్పాలి. గిటార్‌లో అన్నింటికంటే హెచ్చు స్వరం చివరి తీగది అనుకుంటాం. దీంట్లో కాదు. సరిగ్గా మధ్యలో ఉండే ఈ సన్న జీ తీగది. మందం 0.2 మిల్లీమీటర్లు. ఆ స్వరానికి లాగితే స్టీలు దాదాపు తెగే హద్దు దగ్గరికి వెళ్తుంది. పన్నెండింటిలో ముందు తెగేది అదే, మెరుపులో ఎక్కువ భాగం ఇచ్చేదీ అదే.

బ్యాగులో స్పేర్ సెట్ ఉంది. తీశాను. పదకొండు తీగలున్నాయి. లేనిది అదొక్కటే. పోయిన నెల తెగినప్పుడు వాడేసి, మిగతావి భద్రంగా దాచుకున్నాను.

పాత బస్టాండ్ నుంచి ముస్తాబాద్ చౌరస్తా దాకా బండి మీద తిరిగాను. హార్మోనియాలు, డోలక్‌లు, భజన తాళాలు, బడి పిల్లల డ్రమ్ములు అమ్మే దుకాణం ఒకటి దొరికింది. "పన్నెండు తీగల గిటారా? నేనెన్నడు చూడలే" అన్నాడు దుకాణమాయన నిజాయితీగా. ఆరు తీగల సెట్‌లోని మొదటి తీగలు విడిగా రెండున్నాయి. మందం కొంచెం ఎక్కువ. రెండూ తీసుకున్నాను. డబ్బులు తీసుకుని "తెగితే నా మీదికి రావద్దు" అన్నాడు.

మొదటిది తెగింది. ఆయన మీదికి వెళ్లలేదు.

అప్పటికి నాలుగున్నర. నేను పెండ్లివారింట్లోనే ఉన్నాను, షామియానా కింద. దోస్తు వాళ్ల నాన్నను నేను మామ అంటాను. మామ ఒకప్పుడు మగ్గం నేసేవాడు. సిద్దిపేట గొల్లభామ చీర పేరు మీరు విని ఉంటారు. నెత్తిన కుండతో నడిచే గొల్లభామ బొమ్మను అచ్చువేయరు, మగ్గం మీదే అదనపు పోగులు చేత్తో వేస్తూ నేస్తారు. జీఐ గుర్తింపు ఉన్న చీర. ఇప్పుడు నేసేవాళ్లు కొద్దిమందే మిగిలారు. వాళ్లింట్లో మగ్గం ఇంకా ఉంది, పెండ్లి సామాన్లు పెట్టుకోవడానికి వాడుతున్నారు.

మామ తెగిన తీగ ముక్కను వెలుతురుకు పట్టి చూశాడు. రెండు వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "పోగైతే అతుకుదుము బిడ్డా. పడుగుల పోగు తెగితే మగ్గం ఆపి, అతికి, మల్ల నడిపిస్తం. ఇనుమును ఎట్ల అతుకుతం?" అన్నాడు. ఆయన వేళ్లు మాత్రం ఆ ముక్క చివర్లు రెండూ కలిపి చూస్తూనే ఉన్నాయి.

నేను బాపుకు ఫోన్ చేశాను. ఎందుకు చేశానో తెలియదు. ఆయనకు గిటార్ రాదు. అంతా విని ఒక్కటే అడిగాడు:

"ఎవలు పాడుతున్నరు?"

"అత్తమ్మ, వాళ్ల అక్కలు. పెండ్లి పాటలు."

"మరి గంత పైకి ఎందుకు గుంజుతున్నవ్ రా? ఆడోళ్లు పెద్దమనుషులు, వాళ్ల గొంతు గంత పైకి పోదు. మేం భజనల పాడెటోని గొంతును చూసి పెట్టె శృతి దించుతం. నువ్వు కూడ జెర దించు. తీగ బతుకుతది, పాడెటోళ్లు బతుకుతరు."

లెడ్ బెల్లీ గురించి రెండేళ్లుగా చదువుతున్నాను. తీగలు దించుకునేవాడని తెలుసు. వేలు పెట్టి చూపించడానికి కిరాణం దుకాణం కౌంటర్ మీద నుంచి బాపు కావాల్సి వచ్చింది.

పన్నెండు తీగల్నీ రెండు అర్ధస్వరాలు దించాను. చాలామంది వాయించేవాళ్లు ఎప్పుడూ ఇలాగే ఉంచుతారు. లెక్క వేస్తే నూట పది కేజీల బిగువు ఎనభై ఏడుకు పడుతుంది. క్వింటాలు కిందికి దిగిందన్నమాట. అసలు శృతి కావాలంటే రెండో మెట్టుకు కాపో బిగిస్తే చాలు. మిగిలిన ఒక్క తీగను వేసి, కళ్లు సగం మూసుకుని, మెల్లగా తిప్పాను. నిలబడింది.

మెరుపు ఫోన్‌లో పట్టదు

సంగీత్ అంటే మా దగ్గర ఇప్పుడు అందరికీ డీజే. కానీ డీజే రాకముందు అరగంట ఆడవాళ్లది. అత్తమ్మ గొంతెత్తింది. కాపో తీసేసి దించిన శృతిలోనే అందుకున్నాను. నేను ఊహించినట్టు ఆమె గొంతు ఎక్కడా ఇబ్బంది పడలేదు. పక్కనున్న ఇద్దరు అక్కలు వంత కలిపారు. కింద తీగల వంత, పైన మనుషుల వంత. రెండో చరణానికి వంటల దగ్గరున్న వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. పెండ్లిపిల్ల చేతులకు మెహందీ ఉంది, చప్పట్లు కొట్టలేక మోచేతులు కొడుతోంది.

తర్వాత కట్ట మీది పాట. మాటలు లేవు, మేం కట్టుకున్న నాలుగు కార్డుల వరస. చెల్లె గుర్తుపట్టింది. లేచి లోపలికి వెళ్లింది. కాసేపయ్యాక వచ్చి మళ్లీ కూర్చుంది.

వీడియో కాల్ పెట్టారు కానీ దోస్తు ముఖం గడులు గడులుగా విరిగిపోయింది. "ఏం వినిపిస్తలేదురా, గరగర" అని మాత్రం వినిపించింది. ఫోన్ కాల్‌కు మనిషి మాట కావాలి. మిగతాదంతా చప్పుడనుకుని తుడిచేస్తుంది. ఇలా మోగే వాద్యాలను అది ముందే నొక్కేస్తుంది. మీరెవరికైనా ఫోన్‌లో గిటార్ వినిపించాలనుకుంటే కాల్‌లో వద్దు. రికార్డ్ చేసి ఫైల్ పంపండి. నేనూ అదే చేశాను. పక్కింటి తమ్ముడు ఫోన్‌ను కుర్చీ మీద పెట్టి రికార్డ్ చేసిన ఆడియోను రాత్రి పదకొండింటికి పంపాను. రెండు టిక్కులు పడ్డాయి. నీలం కాలేదు. డ్యూటీలో ఉన్నాడు.

మీరు కూడా వస్తే

పెండ్లి అయ్యాక ఒక రోజు మిగిలింది. సిద్దిపేట రావాలనుకునేవాళ్లకు నా మాటగా రెండు ముక్కలు. కోమటిచెరువుకు సాయంత్రం అందరూ వస్తారు. మీరు పొద్దున ఆరింటికి రండి. లైట్లుండవు, నీళ్లుంటాయి. కాళేశ్వరం నీళ్లతో నిండే రంగనాయకసాగర్ ఊరికి దగ్గర్లోనే, చంద్లాపూర్ దగ్గర. చేర్యాల వెళ్తే నకాషీ బొమ్మలు చూడొచ్చు. గుడ్డ మీద కథంతా బొమ్మలుగా గీసి, ఆ పటం విప్పుతూ కథ పాడేవాళ్లు. అక్కడ పాటకు బొమ్మే వంత. గొల్లభామ చీర కొనాలంటే నేసినవాళ్ల దగ్గర చూసి కొనండి. చీర వెనకవైపు తిప్పి చూస్తే చేతిపని తెలిసిపోతుంది.

గిటార్ గురించి కూడా రెండు ముక్కలు. పన్నెండు తీగలది మీ మొదటి గిటార్‌గా వద్దు. ఆరు తీగల మీద కార్డులు శుభ్రంగా పలికాక రండి. యమహా, ఫెండర్ లాంటి కంపెనీలు ఇప్పటికీ కొత్తవి చేస్తున్నాయి. సెకండ్ హ్యాండ్ అయితే బ్రిడ్జి ఉబ్బు, మెడ వంపు, పన్నెండు కీలు తిరుగుతున్నాయా లేదా చూడండి. వాయించనప్పుడు దించి పెట్టండి. స్పేర్‌లో ఆ సన్న జీ తీగలు రెండు మూడు ఎక్కువ కొనండి. మిగతా పదకొండు మీ మనవల దాకా ఉంటాయి.

అసలు సంగతి, ఇది ఒంటరిగా వాయించేవాళ్ల గిటార్. బ్యాండ్ ఉన్నవాళ్లకు పెద్దగా అవసరం లేదు. రూమ్‌లో ఒక్కరే ఉండి, ఇంకొకరు ఉంటే బాగుండు అనుకునేవాళ్లకు మాత్రం చెప్తున్నాను, ఒక్కసారి తీసి జీ కార్డు కొట్టి చూడండి.

ఆదివారం పొద్దున బాపు దుకాణంలో కూర్చుని చాయ్ తాగుతుంటే ఫోన్ మోగింది. దోస్తు వాయిస్ మెసేజ్. నైట్ డ్యూటీ దిగి పంపినట్టున్నాడు, వెనక బస్సు చప్పుడు. స్పీకర్‌లో పెట్టాను.

"మంచిగ కొట్టినవ్ రా. మస్తున్నది." కాసేపు బస్సు చప్పుడే. "గనీ ఒక్కటి చెప్పు. నా గిటార్ ఎవలు కొట్టిండ్రు? ఆ రెండోది, పైన... ఎవన్ని కూచోవెట్టుకున్నవ్?"

ఏం టైప్ చేయాలో తెలియక ఫోన్ పట్టుకుని ఉన్నాను. బాపు చక్కెర పొట్లం కడుతున్నాడు. దారం తెంపి, నా వైపు చూడకుండానే అడిగాడు:

"గా గిటార్ ఎంతకు కొన్నవ్ అన్నవ్? ఆరు వేలా?"

ఇక దాచడం వల్ల కాలేదు. "పదహారు, బాపు."

పొట్లం కాంటా మీద పెట్టాడు. ముల్లు ఆగేదాకా చూశాడు.

"అంటె మనిషికి ఎనిమిది వేలు పడ్డది" అన్నాడు. "సరే తియ్."